మలేరియా కిట్ పాజిటివ్, జ్వరం తగ్గింది, అయినా పాప చల్లబడింది: సిరొంచ తాలూకా నుంచి ఒక కేస్ స్టడీ

మలేరియా ఎక్కువగా ఉన్న చోట పనిచేసేవాళ్లకు రక్తపరీక్ష కిట్ మీద గీత కనబడగానే మనసు కుదుటపడుతుంది. జ్వరానికి కారణం తెలిసింది, మందు చేతిలోనే ఉంది. మహారాష్ట్రలో ఏటా నమోదయ్యే మలేరియాలో పెద్ద వాటా గడ్చిరోలి జిల్లాదే కాబట్టి ప్రాణహిత, ఇంద్రావతి ఒడ్డున ఉన్న మా ఊళ్లలో ఈ ధీమా చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ ఇక్కడ రాస్తున్న కేసులో కిట్ సరిగానే చూపించింది, మందు సరిగానే పడింది, జ్వరం కూడా తగ్గింది. ఆ తర్వాతే బిడ్డ షాక్‌లోకి జారింది. లోపల నడుస్తున్న జబ్బు డెంగీ.

ఆగస్టు నుంచి నవంబరు దాకా పిల్లల జ్వరాలు చూసే జూనియర్ డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు దీన్ని చదవాలని నా కోరిక. తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

జ్వరం కథ

పాపకు 7 ఏళ్లు, బరువు 17 కిలోలు. ఆశ్రమశాలలో చదువుతుంది, సెలవులకు ఇంటికి వచ్చింది. సెప్టెంబరు ఆఖరు. మొదటి రోజు సాయంత్రం నుంచి గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, రెండు వాంతులు. రెండో రోజు పొద్దున ఆశా తాయి ఇంటికి వచ్చి వేలు పొడిచి కిట్ చేసింది. ప్రమాదకరమైన రకం మలేరియా అయిన ఫాల్సిపారం గీత స్పష్టంగా వచ్చింది. వయసుకు తగ్గ ఏసీటీ (ఫాల్సిపారానికి ఇచ్చే మిశ్రమ మాత్రలు) ప్యాకెట్ ఇచ్చి, మొదటి డోసు తన ఎదుటే మింగించింది. చేయవలసింది చేయవలసినట్టు చేసింది.

అదే రోజు రాత్రి జ్వరం దిగక, ఇంట్లోవాళ్లు దగ్గర్లో వైద్యం చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన తుంటికి డైక్లోఫినాక్ అనే నొప్పి మందు సూది వేశాడు. మూడో రోజూ జ్వరమే. నాలుగో రోజు మూడో డోసు ఏసీటీ మింగిన కాసేపటికే కక్కేసింది. ఆ రాత్రి జ్వరం విడిచింది. అయిదో రోజు మధ్యాహ్నం ఆటోలో మా దగ్గరికి తెచ్చారు.

తల్లి చెప్పిన మాటలు యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే రోగ నిర్ధారణ సగం ఇందులోనే ఉంది: "జరం రాత్రే ఇడిచింది సార్. చలిజరం గోలీలు పని చేసినయ్. గని పొద్దుగాల సంది లేస్తలేదు. కడుపు నొస్తుందని ఏడుస్తుంది. నీళ్లు తాపితే కక్కుతుంది. చేతులు సల్లగైనయ్."

ఫాల్సిపారం మలేరియాకు ఏసీటీ మొదలుపెడితే సుమారు 48 గంటల్లో జ్వరం దిగుతుంది. డెంగీలో జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు దానంతటదే దిగుతుంది. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారే ప్రమాద ఘడియ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఈ రెండు గడియారాలు ఈ పాపలో ఒకే రాత్రి కలిశాయి. చూసేవాళ్లకు మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. తేడా ఒక్కటే: మలేరియా తగ్గిన బిడ్డ లేచి కూర్చుంటుంది, అన్నం అడుగుతుంది. జ్వరం దిగాక బిడ్డ ఇంకా నీరసించిందంటే ఆ తగ్గుదలను నమ్మకూడదు.

పరీక్షలో కనబడింది

ఉష్ణోగ్రత 37.1 డిగ్రీలు. పిలిస్తే కళ్లు తెరిచి జవాబిస్తుంది, మళ్లీ మగతలోకి పోతుంది. నాడి నిమిషానికి 138, సన్నగా. బీపీ 90/72. పై అంకె చూసి చాలామంది నార్మల్ అని రాసేస్తారు. పై అంకెలోంచి కింది అంకె తీసివేస్తే వచ్చే పల్స్ ప్రెషర్ 18. అది 20కి, అంతకంటే తక్కువకు దిగిందంటే డెంగీ అనుమానం ఉన్న బిడ్డలో షాక్ మొదలైనట్టే. అరికాళ్లు చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 4 సెకన్లు పట్టింది. కాలేయం పక్కటెముకల కింద 3 సెంటీమీటర్లు, తాకితే నొప్పి. ప్లీహం 2 సెంటీమీటర్లు, గట్టిగా ఉంది. కుడి ఊపిరితిత్తి అడుగున గాలి శబ్దం తగ్గింది. సూది వేసిన తుంటి మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ.

నల్లని చర్మం మీద డెంగీ చుక్కలు తేలిగ్గా కనబడవు. టార్చి పట్టి అంగిట్లో, కనురెప్ప లోపల, చంకలో చూడాలి. ఈ పాపకు అంగిట్లో నాలుగైదు చుక్కలున్నాయి. స్క్రబ్ టైఫస్ అనే మరో జ్వరం కోసం కూడా గజ్జల్లో, చెవుల వెనక, మొలతాడు కింద వెతికాం. నల్లటి పెచ్చు కట్టిన పుండు ఎక్కడా లేదు. ఈ వెతుకులాటను ఎవరూ మానకూడదు, ఆ జబ్బుకు మందు వేరు.

మొదటి రక్త పరీక్ష: హిమోగ్లోబిన్ 11.1, పీసీవీ 34 శాతం, తెల్లకణాలు 2,900, ప్లేట్‌లెట్లు 38,000, చక్కెర 86.

ఎక్కడ ఆగి ఆలోచించాం

ప్లేట్‌లెట్లు మలేరియాలోనూ పడతాయి, డెంగీలోనూ పడతాయి. 38,000 అనే అంకె ఏ వైపూ మొగ్గదు. తెల్లకణాలు తగ్గడం డెంగీ వైపు కొంచెం లాగుతుంది. అసలు తేల్చేది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. మలేరియా ఎర్రకణాలను పగలగొడుతుంది కాబట్టి పీసీవీ దిగుతుంది. డెంగీలో నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది కాబట్టి పీసీవీ ఎక్కుతుంది. ఒకటి కిందికి, ఒకటి పైకి.

పుస్తకం ప్రకారం 7 ఏళ్ల బిడ్డకు 34 నార్మల్‌లోకే వస్తుంది. ఆ అంకె పక్కన టిక్కు పెట్టి ముందుకు పోవడం చాలా తేలిక. కానీ ఈ తాలూకాలో 7 ఏళ్ల పిల్లకు, అదీ 17 కిలోల పిల్లకు, ప్లీహం వాచిన పిల్లకు హిమోగ్లోబిన్ 11 ఉండటమే నాకు వింతగా తోచింది. ఇక్కడి పిల్లల్లో తరచూ వచ్చే మలేరియా, నులిపురుగులు, ఐరన్ కొరత, కొన్ని ఇళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు, అన్నీ కలిసి 8, 9 మధ్యే తిరుగుతుంటుంది.

ఇంట్లో ఉన్న కాయితాలన్నీ చూపించమన్నాను. తల్లి నడుముకు చెక్కుకున్న ప్లాస్టిక్ సంచి విప్పింది. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు, వాటి మధ్య నాలుగు మడతలు పెట్టిన ఆశ్రమశాల ఆరోగ్య కార్డు. జులైలో పిల్లలను పరీక్ష చేసిన వైద్య బృందం నీలం పెన్నుతో రాసింది: హిమోగ్లోబిన్ 8.1.

"బడిల గులాబి రంగు గోలీలు ఇస్తరు గదా చెల్లె, మింగిందా?" అని అడిగాను.

"మింగది సార్, కక్కొస్తదంటది. పారేస్తదట."

ఐరన్ మింగలేదు. మధ్యలో రక్తం ఎక్కించలేదు. రెండు నెలల్లో 8.1 నుంచి 11.1కి పోవాలంటే రక్తం చిక్కబడటం తప్ప దారి వేరే లేదు. హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే సుమారుగా పీసీవీ వస్తుంది. అంటే ఈ పాప మామూలు పీసీవీ 24, 25 దగ్గర ఉండాలి. అక్కడి నుంచి 34 అంటే మూడో వంతుకు పైగా పెరుగుదల. డెంగీలో ప్లాస్మా కారుతోందనడానికి 20 శాతం పెరిగితే చాలంటారు.

ఇక కిట్ సంగతి. ఫాల్సిపారం గీత హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. పరాన్నజీవి చచ్చాక కూడా ఆ ప్రొటీన్ వారాల తరబడి రక్తంలో తిరుగుతుంది. తల్లిని గుచ్చి అడిగితే, నెల కింద ఒకసారి చలిజ్వరం వచ్చిందనీ, అప్పుడు మాత్రలు సగం మింగి మానేసిందనీ తేలింది. స్లయిడ్ చూశాం. రింగులు (ఎర్రకణాల్లో పెరిగే లేత దశ పరాన్నజీవులు) లేవు. అరటిపండు ఆకారపు గామెటోసైట్లు (దోమకు చేరే దశ పరాన్నజీవులు) మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. రింగులు లేకపోవడానికి రెండు రోజుల పైన పడిన ఏసీటీ కారణం కావచ్చు. కానీ ఫాల్సిపారం గామెటోసైట్ పక్వానికి రావడానికి 10 నుంచి 12 రోజులు పడుతుంది. జ్వరమేమో అయిదు రోజులది. పరాన్నజీవి ఈ జ్వరం కంటే ముందు నుంచే ఒంట్లో కాపురం ఉందన్నమాట.

ఇలా పరాన్నజీవిని మోస్తూ జ్వరం లేకుండా తిరిగే పిల్లలు అడవి జిల్లాల్లో చాలామంది. ఒడిశాలో 2017 నుంచి దమన్ అనే మలేరియా కార్యక్రమం కింద మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేస్తున్నది ఇందుకే. అలాంటి బిడ్డకు డెంగీ వచ్చినా, టైఫాయిడ్ వచ్చినా, న్యుమోనియా వచ్చినా కిట్ మీద గీత వస్తుంది. ఆఫ్రికాలోనూ ఇదే చూశారు. ఘానాలోని మూడు పట్టణాల్లో మలేరియా పరాన్నజీవి ఉన్న పిల్లల రక్తంలో కొందరికి ఇటీవలి డెంగీ ఆనవాళ్లు దొరికాయని 2015లో ప్రచురించారు. డెంగీ కోసం వెతకడం మొదలుపెట్టాకే అది బయటపడింది.

డెంగీ ర్యాపిడ్ పరీక్షలో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్) పాజిటివ్, ఐజీఎం (జబ్బు కొత్తలో పుట్టే యాంటీబాడీ) నెగెటివ్, ఐజీజీ (ఆలస్యంగా పుట్టి చాలాకాలం నిలిచే యాంటీబాడీ) పలుచగా పాజిటివ్. ఐజీజీ ఇంత తొందరగా కనబడిందంటే పాపకు ఇంతకుముందే ఒకసారి డెంగీ వచ్చిపోయి ఉండవచ్చు. రెండోసారి వేరే రకం వైరస్‌తో వచ్చే డెంగీలోనే షాక్ ఎక్కువ. ర్యాపిడ్ కిట్‌ను జాతీయ కార్యక్రమం తుది నిర్ధారణగా ఒప్పుకోదు కాబట్టి ఎలైసా అనే ల్యాబ్ పరీక్షకు నమూనా పంపాం. కానీ ఆ ఫలితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం.

రెండు జబ్బులు, రెండు రకాల సెలైన్ లెక్క

పేరు ఏదైతేనేం, వైద్యం చేస్తే సరిపోదా అని ఎవరైనా అనుకోవచ్చు. ఇక్కడ సరిపోదు. డెంగీ షాక్‌కు సమయానికి సెలైన్ పడాలి. తీవ్ర మలేరియాలో అదే సెలైన్ ధారగా పోస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. 2011లో వెలువడిన ఫీస్ట్ పరిశోధన కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ తగ్గిన స్థితిలో వచ్చిన పిల్లల మీద జరిగింది. వాళ్లలో సగానికి పైగా మలేరియా పిల్లలే. సెలైన్‌ను వేగంగా, ఒక్కసారిగా (బోలస్‌గా) ఇచ్చిన పిల్లల్లో మరణాలు ఎక్కువయ్యాయి. ఆ ఫలితం చదివిన డాక్టర్ మలేరియా అని రాసి ఉన్న బిడ్డకు సెలైన్ పెట్టడానికి వెనకాడతాడు, అది న్యాయమే. అందుకే షాక్ దేనివల్లో తేల్చుకోవడం అంత ముఖ్యం.

ఈ పాపకు కోమా లేదు, తీవ్ర రక్తహీనత లేదు, చక్కెర పడలేదు, ఆయాసంతో కూడిన లోతైన శ్వాస లేదు. పీసీవీ ఎక్కి ఉంది, పల్స్ ప్రెషర్ ఇరుకైంది, ఊపిరితిత్తి అడుగున నీరు చేరుతోంది. డెంగీ షాక్‌గానే లెక్కగట్టాం. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ కిలోకు 10 మి.లీ. చొప్పున 170 మి.లీ. ఒక గంటలో ఎక్కించాం. ఏసీటీ మూడో డోసు కక్కేసింది, చురుకైన మలేరియా అసలే లేదని తేల్చి చెప్పలేం, కాబట్టి మలేరియా సూదిమందు ఆర్టిసునేట్ కూడా ఇచ్చాం. 20 కిలోల లోపు పిల్లలకు కిలోకు 3 మి.గ్రా. లెక్కన ఒక డోసుకు 51 మి.గ్రా., చేరినప్పుడు, 12 గంటలకు, 24 గంటలకు. నరానికే, కండకు కాదు. ప్లేట్‌లెట్లు పడిన బిడ్డ కండకు సూది వేస్తే ఏమవుతుందో తుంటి మీద మచ్చ చెబుతూనే ఉంది.

జిల్లా కేంద్రానికి పంపాలా అన్న ప్రశ్న వచ్చింది. గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, మధ్యలో అంతా అడవి. గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు పోవడం దగ్గర. నాడి సన్నబడిన బిడ్డను ఏ బండిలో ఎక్కించినా దారిలో చేయగలిగింది తక్కువ. ముందు ఇక్కడే నిలబెట్టాలని అనుకున్నాం.

గంట తర్వాత నాడి 120, బీపీ 94/68, పీసీవీ 31. గంటకు కిలోకు 7 మి.లీ.కి తగ్గించాం, రెండు గంటల తర్వాత 5కి. రాత్రి 10 గంటలకు మూత్రం తగ్గింది, నాడి మళ్లీ 134, బీపీ 88/68, పీసీవీ 35. ఇలాంటప్పుడు పీసీవీ ఎటు పోతోందో చూడకుండా సెలైన్ పెంచినా తగ్గించినా అది గుడ్డి వైద్యమే. ఎక్కితే ఇంకా కారుతోంది, సెలైన్ కావాలి. దిగుతూ బిడ్డ పాడైతే లోపల రక్తస్రావం, రక్తం కావాలి. ఇక్కడ ఎక్కింది. ఇంకో 170 మి.లీ. గంటలో ఇచ్చాం. బీపీ 96/66కి వచ్చింది. తెల్లారేసరికి కిలోకు 3 మి.లీ.కి దించగలిగాం. ఆ రాత్రి డ్యూటీ నర్సు ప్రతి గంటకు నాడి, బీపీ, మూత్రం కొలిచి, తీసివేత చేసి పల్స్ ప్రెషర్‌ను వేరే గడిలో రాసింది. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పరికరం ఆ కాగితమే.

ప్లేట్‌లెట్ల గొడవ, ఆ తర్వాత రక్తం గొడవ

ఆరో రోజు సాయంత్రం ప్లేట్‌లెట్లు 19,000. పాప మేనమామ వచ్చాడు, కళ్లలో భయం: "సార్, మంచిర్యాల తీస్కపోయి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తం. పైసలు సూసుకుంటం." ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. డెంగీ అంటే ప్లేట్‌లెట్ల సంఖ్యే అన్న భావన ఊరూరా పాకింది. పక్కన కూర్చోబెట్టి చూపించాను: నాడి నిండుగా ఉంది, ముక్కు, చిగుళ్లు, విరేచనం ఎక్కడా రక్తం లేదు. రక్తస్రావం లేకుండా, 10,000 కంటే పైన ఉంటే ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదు. ఎక్కించినా ఒకట్రెండు రోజులకు మించి నిలవవు, పైగా నీటి భారం. ఆయన ఆ రాత్రి ఆగాడు.

ఏడో రోజు పొద్దున పీసీవీ 25, హిమోగ్లోబిన్ 8.0. రెండు రోజుల్లో 11 నుంచి 8కి. మా జూనియర్ రక్తం ఏర్పాటు చేయమంటారా అని అడిగాడు. ఈ ప్రశ్న ప్రతి డాక్టరుకూ రావాలి, ఎందుకంటే ఇది లోపలి రక్తస్రావమూ కావచ్చు, మలేరియా ఎర్రకణాలను తినేయడమూ కావచ్చు. మంచం దగ్గరికి వెళ్లి చూశాం. నాడి 92, బీపీ 98/60, అరికాళ్లు వెచ్చగా, మూత్రం ధారాళంగా, పొట్ట మెత్తగా. అమ్మమ్మ చేతి గంజి వద్దు, మిక్చర్ కావాలని మారాం చేస్తోంది. బయటికి కారిన నీరు తిరిగి రక్తంలోకి వస్తోంది, అంతే. 25 ఈ బిడ్డ సొంత అంకె. సెలైన్ పూర్తిగా ఆపేశాం. ఆ గంటలో రక్తం ఎక్కించి ఉంటే, వెనక్కి వస్తున్న నీటికి అది తోడై ఊపిరితిత్తులు మునిగేవి. డెంగీలో కోలుకునే దశలో పిల్లలను ప్రమాదంలోకి నెట్టేది తరచూ ఈ అదనపు ద్రవమే.

ఎనిమిదో రోజు ప్లేట్‌లెట్లు 46,000. అదే రోజు తీసిన రెండో నమూనాలో ఎలైసా ఐజీఎం పాజిటివ్ వచ్చింది. ఏసీటీ పూర్తి కోర్సు నోటి ద్వారా మళ్లీ మొదలుపెట్టాం. తొమ్మిదో రోజు ఇంటికి పంపాం. రెండు వారాలకు వచ్చినప్పుడు పీసీవీ 26. సికిల్ పరీక్ష నెగెటివ్. నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇచ్చి, మాత్ర కక్కుతుందన్నారు కనుక ఐరన్ సిరప్ రాశాం.

ఇంటి దగ్గర

పాప వార్డులో ఉండగానే నాలుగేళ్ల తమ్ముడికి జ్వరం మొదలైంది. మలేరియా కిట్ నెగెటివ్, ఎన్‌ఎస్1 పాజిటివ్. పారాసిటమాల్ ఒక్కో డోసు కిలోకు 15 మి.గ్రా.కి మించకుండా, నీళ్లు, గంజి, ఓఆర్‌ఎస్, రోజూ ఒకసారి రక్తపరీక్ష. వాడు చేరాల్సిన అవసరం లేకుండానే తేరుకున్నాడు. ఇబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ కలిసిన సిరప్‌లు వద్దని ఇంట్లో ఉన్న సీసా తీసి చూపించి మరీ చెప్పాం.

ఆశా తాయితో కలిసి ఇల్లు చూశాం. దోమతెరలు ఉన్నాయి, రాత్రి కట్టుకుంటున్నారు కూడా. వాగుల పక్కన పుట్టి రాత్రి కుట్టే మలేరియా దోమ అనాఫిలిస్‌కు అవి చాలు. వాకిట్లో రెండు నీలి డ్రమ్ములు, నల్లా నీళ్లు రోజూ రావు కనుక పట్టి పెట్టుకున్నవి. టార్చి వేస్తే పురుగులు తలకిందులుగా, ఏటవాలుగా వేలాడుతూ కనబడ్డాయి. అనాఫిలిస్ పిల్లపురుగు నీటి పైపొరకు సమాంతరంగా పడుకుంటుంది. ఇవి అవి కావు. పట్టి పెట్టిన ఇలాంటి నీళ్లలో పెరిగేది ఎక్కువగా డెంగీ దోమ ఏడిస్. ఇది కుట్టేది పగలు, పిల్లలు అదే వాకిట్లో ఆడుకునేటప్పుడు. డ్రమ్ములు వంచి, గోడలు పీచుతో రుద్ది, గుడ్డ కట్టించాం. ఊరికే నీళ్లు పారబోస్తే గోడకు అంటుకున్న గుడ్లు ఎండి కూడా నెలల తరబడి బతికే ఉంటాయి, అందుకే రుద్దడం.

ఇప్పుడు మేం అనుసరిస్తున్నది

వానాకాలం నుంచి చలి ముదిరేదాకా, మలేరియా కిట్‌లో ఫాల్సిపారం గీత వచ్చిన ప్రతి బిడ్డకూ ఏసీటీ వెంటనే ఇవ్వాలి, అందులో మార్పు లేదు. దానితోపాటు తల్లికి ఒక మాట చెప్పి పంపుతున్నాం: "జరం తగ్గినంక పిల్ల మంచిగైతే సరే. తగ్గినంక కడుపునొప్పి, కక్కుడు, మగత, చేతులు సల్లవడుడు కనబడితే అదే పూట తీసుకురా." ఆశా తాయిలు మూడో డోసు నాటికి మళ్లీ ఇంటికి వెళ్లి బిడ్డ కూర్చుందా, తిన్నదా, ఒంటేలుకు ఎప్పుడు పోయిందని అడుగుతున్నారు.

మా దగ్గరికి వచ్చిన బిడ్డకు తెల్లకణాలు 5,000 లోపుండి ప్లేట్‌లెట్లు పడి ఉంటే, కిట్ ఏం చెప్పినా డెంగీ పరీక్ష చేస్తున్నాం. అయిదు రోజుల లోపు ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం. రెండోసారి డెంగీ వచ్చిన పిల్లల్లో ఎన్‌ఎస్1 తప్పిపోతుంటుంది కనుక నెగెటివ్ వచ్చినా పీసీవీని ఆరు గంటలకోసారి చూస్తున్నాం. పాత హిమోగ్లోబిన్ దొరక్కపోతే, కోలుకున్నాక వచ్చిన పీసీవీని ఆ బిడ్డ మామూలు అంకెగా డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితం పారేయొద్దని తల్లికి చెబుతున్నాం.